ఫ్రీజర్ లారీల కంపెనీలో డ్రైవర్ ఉద్యోగం: చేరే ముందు ఏం చూసుకోవాలి?

అంకులి ఇల్లాలు, బరంపురం:

అందరికీ నమస్కారం. మాది ఒడిశా గంజాం జిల్లా, బరంపురం. అంకులి వైపు ఇల్లు. మా ఆయన పెళ్లికి ముందు నుంచీ లారీ డ్రైవరే. ఇప్పుడు నడిపేది పది టైర్ల బండి. రాయపూర్ నుంచి సిమెంటు తెస్తారు, వెళ్లేటప్పుడు ఏ లోడు దొరికితే అది. ఓనరు మా పక్క వీధిలోనే ఉంటాడు. మనిషి మంచివాడే, మర్యాదగానే మాట్లాడతాడు. కానీ జీతానికి ఒక తేదీ లేదు, పీఎఫ్ లేదు, కాగితం మీద ఏదీ లేదు. రేపు రోడ్డు మీద ఏమైనా అయితే నేను ఎవరి గుమ్మం ముందు నిలబడాలో నాకు తెలియదు.

ఇప్పుడు విశాఖలో యార్డు ఉన్న ఒక రీఫర్ (చలి పెట్టె ఉన్న లారీ) ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. పేరు ఇక్కడ రాయను. రొయ్యలు, ఐస్‌క్రీమ్, మందులు తోలుతారట. విశాఖ నుంచి కోల్‌కతా లైను, భువనేశ్వర్‌లో ఒక అన్‌లోడింగ్. బేసిక్ 19 వేలు, పైన కిలోమీటరుకు మూడు రూపాయల బత్తా, పీఎఫ్, ఈఎస్ఐ అనే వైద్య బీమా. వింటే బాగానే ఉంది. పైగా దారి మన బరంపురం మీదుగానే కాబట్టి వెళ్తూ వస్తూ ఒక పూట ఇంటికి రావచ్చని ఆయన ఆశ.

భయం ఎక్కడంటే, సరుకు పాడైతే డ్రైవర్ జీతంలో కోస్తారని తోటి డ్రైవర్లు చెప్పారు. మా ఆడపడుచు భర్త అయితే "ఆ బండెక్కితే నిద్ర ఉండదు" అని ఒకటే మాట. ఏ బండిలో ఉండదు, ఎందుకు ఉండదు అంటే ఆయనా చెప్పలేకపోయారు.

మా ఇంట్లో లెక్కలు నేనే రాస్తాను. డీజిల్, టోలు, బత్తా, హాల్టింగ్ అన్నీ ఆయన ఫోన్‌లో చెబితే నోటుబుక్కులో ఎక్కించేది నేనే. అందుకే ఇది తేల్చుకోవాలని ఆయన కంటే నాకే ఎక్కువ టెన్షన్. పాప వచ్చే ఏడు ఒకటో తరగతి. సోమవారం యార్డుకు రమ్మన్నారు, నేనూ వెంట వెళ్తాను. అక్కడ ఏం చూడాలి, ఏం అడగాలి? ఈ లైను తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

సోంపేట డ్రైవర్:

చెల్లెమ్మా, నేను ఇదే హైవే మీద రీఫర్ నడుపుతున్నాను. అంతకు ముందు భీమవరం నుంచి చేపల బండి. రెండూ చల్లటి సరుకే అయినా పనిలో పోలిక లేదు. చేపల బండిలో ఐస్ వేసుకుని తోలడమే. ఆలస్యమైతే దారిలో మళ్లీ ఐస్ వేయించుకుంటాం. రీఫర్‌లో పెట్టె లోపల ఎంత చలి ఉందో ఆఫీసులో ఒకరు ఇరవై నాలుగు గంటలూ స్క్రీన్ మీద చూస్తుంటారు. రెండు డిగ్రీలు పెరిగిందంటే ఫోన్ మోగుతుంది.

జీతం సంగతి తర్వాత. మొదట అడగాల్సింది ఒకటే: సరుకు రిజెక్ట్ అయితే డబ్బు ఎవరు కడతారు? దానికి జవాబు కాగితం మీద ఉందా?

ఎందుకు చెబుతున్నానో వినండి. రీఫర్ యూనిట్, అంటే పెట్టెకు చలి ఇచ్చే మిషను, చల్లగా ఎక్కించిన సరుకును చల్లగా ఉంచుతుంది, అంతే. వెచ్చబడిన సరుకును మళ్లీ గడ్డ కట్టించడం దాని వల్ల కాదు. రొయ్యల ఫ్యాక్టరీలో కోల్డ్ రూమ్ నుంచి మైనస్ 18లో బయటికి తీసిన కార్టన్లు డాక్ (లోడింగ్ అరుగు) మీద ఎండలో పడి ఉంటే వేడి ఎక్కేస్తాయి. అలాంటివి మన బండిలో వేసి తలుపు మూస్తారు. అవతల దించుకునేవాళ్లు ప్రోబ్ (వేడి కొలిచే పుల్ల) పెట్టి చూసి మైనస్ 12 ఉంది, మాకొద్దు అంటారు. దారి పొడుగునా యూనిట్ సరిగ్గానే ఆడినా తప్పు డ్రైవర్ మీదకే వస్తుంది.

నేను చేసేది ఇదీ. మొదట ఎక్కించిన వాటిలో ఒకచోట, మధ్యలో ఒకచోట, చివర ఒకచోట రెండు కార్టన్ల నడుమ ప్రోబ్ దూర్చి, అంకె కదలకుండా నిలిచేదాకా పట్టుకుంటాను. అంకె, కార్టన్ మీది బ్యాచ్ లేబుల్ రెండూ ఒకే ఫోటోలో పడాలి. ఎల్ఆర్ (లారీ రసీదు) కాపీ మీద "లోడింగ్‌లో సరుకు మైనస్ 13" అని టైముతో సహా రాసి డాక్ సూపర్‌వైజర్ సంతకం అడుగుతాను. పెట్టనంటే తలుపు వేయను, ఆఫీసుకు ఫోన్ చేస్తాను. కంపెనీ బుద్ధి బయటపడేది అక్కడే. "ఆగు, పార్టీతో మేం మాట్లాడతాం" అన్నారా, నిశ్చింతగా చేరవచ్చు. "నీకెందుకయ్యా, తలుపేసుకుని బయల్దేరు" అన్నారా, ఆ నష్టం ఎప్పుడో ఒకప్పుడు మీ నోటుబుక్కులోకి వస్తుంది. ఈ సంగతి ఆఫీసులో అడిగితే తెలియదు. గేటు బయట టీ తాగే డ్రైవర్లను అడగండి.

2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను పాత కంపెనీలో ఉన్నాను, బండిలో రొయ్యలు. చెట్లు పడి హైవే ఆగిపోయింది. కరెంటు లేదు, దగ్గరలో ఏ బంకూ పనిచేయడం లేదు. ఆఫీసుకు చేస్తే "యూనిట్ ఆగకూడదు, డీజిల్ నువ్వే చూసుకో" అన్నారు. పొలాల్లో ఇంజను పెట్టుకున్న రైతుల దగ్గర క్యాన్లతో డీజిల్ అడిగి తెచ్చి పోశాను. అయినా సరుకులో కొంత రిజెక్ట్ అయింది. దాన్ని నా జీతంలో నెలనెలా కోశారు. తుపానుకు డ్రైవర్ ఎలా బాధ్యుడని అడిగితే జవాబు లేదు. ఇప్పుడున్న కంపెనీలో అలాంటిదానికి ఇన్సూరెన్స్ క్లెయిమ్ వేస్తారు. అందుకే ఇదీ అడగండి: సరుకు ఇన్సూరెన్స్ ఉందా? ఉంటే యాక్సిడెంట్‌కే వర్తిస్తుందా, యూనిట్ చెడిపోయి సరుకు పాడైనా వర్తిస్తుందా? అది విడిగా తీసుకోవాల్సిన కవర్. చాలామంది తీసుకోరు. మన తీరంలో అక్టోబర్, నవంబర్ అంటేనే తుపానుల కాలం కదా, ఇది మనకు చిన్న విషయం కాదు.

ఇక నిద్ర. మీ బంధువు చెప్పింది సగం నిజం. యూనిట్లు రెండు రకాలు. ఒకదానికి సొంత ఇంజను, సొంత డీజిల్ ట్యాంకు ఉంటాయి. లారీ ఇంజను ఆపేసి పడుకున్నా అది ఆడుతూనే ఉంటుంది. చప్పుడుంటుంది గానీ అలవాటు పడతాం. రెండోది లారీ ఇంజను మీదే తిరిగేది, డైరెక్ట్ డ్రైవ్ అంటారు. ఇంజను ఆపితే చలీ ఆగిపోతుంది. ఆ బండిలో అన్‌లోడింగ్ క్యూలో ఉన్నా, ఢాబా దగ్గర పడుకున్నా ఇంజను నడుస్తూనే ఉండాలి. తలుపులన్నీ బిగించుకుని ఇంజను ఆన్‌లో పెట్టి పడుకోవడం ప్రాణానికే ప్రమాదం, పొగ క్యాబిన్‌లోకి వస్తే నిద్రలోనే పోతారు. పైగా అలా ఖర్చయిన డీజిల్‌ను "మైలేజ్ రాలేదు" అని డ్రైవర్ మీద రాస్తారు. కోల్‌కతా లాంటి దూరం లైనుకు డైరెక్ట్ డ్రైవ్ బండి ఇస్తామంటే నేనైతే వద్దంటాను. ఊళ్లో ఐస్‌క్రీమ్ పంచే చిన్న బండ్లకు సరే. యార్డులో కరెంటు తగిలించుకునే స్టాండ్‌బై ఉంటే కొంత నయం, కానీ రోడ్డు మీద కరెంటు ఎవరిస్తారు?

బావగారికి ఒక మాట చెప్పండి. యార్డులో యూనిట్ మీద అతికించిన సర్వీస్ స్టిక్కర్ చూడమనండి. దాని మీద పోయినసారి సర్వీస్ ఎన్ని గంటల దగ్గర చేశారో ఉంటుంది. యూనిట్ మీటర్‌లో ఇప్పటి గంటలు ఉంటాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ కంపెనీ బండ్లను ఎలా చూసుకుంటుందో తెలిసిపోతుంది.

కోల్డ్ చెయిన్ డెస్క్:

సోంపేట అన్నగారు చెప్పిన "స్క్రీన్ చూసే మనిషి" పని నేను విశాఖలో చేశాను. ఇప్పుడు బరంపురంలోనే ఉంటున్నాను. ఆ కుర్చీలోంచి కనిపించేది చెబుతాను.

డ్రైవర్‌కు అన్యాయం ఎక్కువగా జరిగేది డీఫ్రాస్ట్ దగ్గర. కాయిల్ మీద పేరుకున్న మంచును కరిగించడానికి యూనిట్ తనంతట తానే కాసేపు చలి ఆపుతుంది. అప్పుడు డిస్‌ప్లేలో గాలి వేడి పెరిగి మళ్లీ దిగుతుంది. సరుకు లోపలి వేడి అంత త్వరగా మారదు. పని నేర్చుకున్న డెస్క్ మనిషి గ్రాఫ్ చూసి ఇది డీఫ్రాస్ట్ అని పోల్చుకుంటాడు. నేర్పకుండా కూర్చోబెట్టినవాడు అర్ధరాత్రి డ్రైవర్‌ను లేపి "ఏం చేశావు" అని అరుస్తాడు. మీ ఆయన రాత్రి నిద్ర చాలావరకు ఆ మనిషి చేతిలో ఉంటుంది. కాబట్టి రాత్రి డ్యూటీలో డెస్క్ మీద ఎంతమంది ఉంటారు, ఒక్కొక్కరికి ఎన్ని బండ్లు అని అడగండి. వీలైతే ఆ గది చూపించమనండి.

రెండోది మందులు. చాలా మందులకు, వ్యాక్సిన్లకు 2 నుంచి 8 డిగ్రీలు ఉండాలి. ఇక్కడ చలి తగ్గితే ఎంత తప్పో ఎక్కువైనా అంతే తప్పు. గడ్డ కడితే పనికిరాకుండా పోయే వ్యాక్సిన్లు ఉన్నాయి. ఈరోజు రొయ్యలకు మైనస్ 18, రేపు మందులకు ప్లస్ 4 అని ఒకే బండిని మారుస్తుంటారు. సెట్ పాయింట్ (యూనిట్‌లో పెట్టే డిగ్రీల అంకె) మార్చేటప్పుడు మైనస్ గుర్తు పెట్టడం మరిచి లోడు మొత్తం పోయిన సంగతి నా కళ్ల ముందే జరిగింది. ఎంత పెట్టాలో ఆఫీసు వాట్సాప్‌లో రాసి పంపాలి, డ్రైవర్ పెట్టి ఫోటో తిరిగి పంపాలి. ఫోన్‌లో నోటి మాటగా చెప్పే కంపెనీ అయితే చేరకండి. నేను ఇంత గట్టిగా చెప్పేది ఈ ఒక్క విషయమే.

దారంతా పెట్టె లోపలి చలిని రికార్డు చేసే డేటా లాగర్ రిపోర్టు కాపీ డ్రైవర్‌కు ఇస్తారా అని కూడా తప్పక అడగండి. డ్రైవర్ పక్షాన సాక్ష్యం చెప్పేది అదే.

ఇంకొకటి, ఎవరూ అడగనిది. వాళ్ల లోడ్లలో రొయ్యల వాటా ఎంత? 2025 ఆగస్టు చివర్లో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచింది. మన రొయ్యలకు పెద్ద కొనుగోలుదారు అమెరికానే కదా. ఒక్క రొయ్యల ఎగుమతి మీదే నడిచే బండ్లకు అలాంటప్పుడు లోడు దొరకదు. బండి యార్డులో నిలబడితే బేసిక్ వస్తుంది గానీ కిలోమీటరు బత్తా రాదు. ఐస్‌క్రీమ్, పాల సరుకులు, మందులు కలిసి ఉన్న కంపెనీ అయితే ఒకటి తగ్గినా ఇంకొకటి ఉంటుంది. బండి నిలిచిన రోజుకు హాల్టింగ్ ఎంత ఇస్తారో మాట్లాడుకోండి.

గొళ్లబంధ వాసి:

నాకు తోచింది చెబుతాను, కోపం తెచ్చుకోవద్దు. పక్క వీధిలో ఉండే ఓనర్‌ను వదులుకుని ఊరుగాని ఊళ్లో కంపెనీకి వెళ్లడం ఎందుకమ్మా? అర్ధరాత్రి పాపకు ఒంట్లో బాగోకపోతే వచ్చి నిలబడేది పక్క వీధి మనిషే. కంపెనీకి మీరొక నంబరు.

ఛత్రపురం అకౌంటెంట్:

పెద్దవారు చెప్పింది కాదనను. కానీ డ్రైవర్‌కు ఏదైనా జరిగితే ఆ ఓనరు ఎంత మంచివాడైనా ఎన్ని నెలలు ఇవ్వగలడు? ఇది మంచితనంతో తేలే లెక్క కాదు.

అక్కా, కొన్ని విషయాలు ఇంట్లో కూర్చునే ఫోన్‌లో చూడవచ్చు. పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్ఓ వెబ్‌సైట్‌లో ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్ అని ఉంటుంది. కంపెనీ పేరు కొడితే ఏ నెలకు ఎంతమంది పేరున పీఎఫ్ కట్టారో కనిపిస్తుంది. యార్డులో వంద బండ్లు ఉన్నాయని చెప్పి ఇరవై మందికే కడుతుంటే డ్రైవర్లను కాంట్రాక్టరు పేరున పెట్టారని అర్థం. మీ ఆయనను ఎవరి పేరున తీసుకుంటారో అప్పుడు సూటిగా అడగండి. వాళ్ల బండ్ల నంబర్లు రెండు మూడు రాసుకుని ఎంపరివాహన్ యాప్‌లో కొట్టండి. ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉన్నాయో వస్తుంది.

ఈఎస్ఐ విషయంలో, జీతం నెలకు 21 వేలు దాటనివాళ్లకే అది వర్తిస్తుంది. జీతంలో నుంచి పోయేది 0.75 శాతం, కంపెనీ కట్టేది 3.25 శాతం. బేసిక్ 19 వేలయినా వేరే అలవెన్సులు కలిపి 21 వేలు దాటుతుందేమో చూసుకోండి. కుటుంబం వేరే ఊళ్లో ఉంటే మీకు దగ్గరి డిస్పెన్సరీ రాయించుకోవచ్చు, చేరేటప్పుడే చెప్పండి.

చాలామంది పొరపాటు పడేది ఇంకొకటుంది. బండి ఇన్సూరెన్స్‌లో కనిపించే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఓనర్‌కు, జీతానికి నడిపే డ్రైవర్‌కు కాదు. కాబట్టి డ్రైవర్లకు విడిగా గ్రూప్ యాక్సిడెంట్ పాలసీ ఉందా, ఎంతకు అని అడగండి. కంపెనీ ఏం చేసినా చేయకపోయినా బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా ఈరోజే చేయించండి, 2 లక్షల కవర్.

2025 నవంబర్ 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాల్సిందే. "చేరాక ఇస్తాం" అంటే ఒప్పుకోవద్దు.

అంకులి ఇల్లాలు, బరంపురం:

అందరికీ చేతులెత్తి నమస్కారం. సోమవారం వెళ్లి వచ్చాం. మీరు చెప్పినవన్నీ రాసుకుని తీసుకెళ్లాను.

ఆఫీసులోకి వెళ్లకుండా ముందు గేటు ఎదుట టైర్ల షాపు దగ్గర ఆగాం. ఆ షాపతను చెప్పింది విని మా ఆయనకు సగం ధైర్యం వచ్చింది. ఆ కంపెనీ బిల్లులు నెల దాటకుండా కడుతుందట, డ్రైవర్లతో జేబులోంచి పెట్టించదట. అక్కడే టీ తాగుతున్న ఒక డ్రైవరును డాక్ దగ్గర సంతకం విషయం అడిగాం. "సంతకం లేకుండా బయల్దేరితేనే మమ్మల్ని తిడతారు" అన్నాడు. సోంపేట అన్నయ్యా, ఆ మాట వినగానే మీరే గుర్తొచ్చారు.

బండ్లు చూశాం. దూరం లైను బండ్లన్నిటికీ యూనిట్‌కు సొంత ఇంజనే. స్టిక్కర్లు మా ఆయన చూశారు, ఒక్క బండి తప్ప అన్నీ సర్వీస్ గడువులోనే ఉన్నాయి. క్యాబిన్ ఏసీ కొత్త బండ్లకే ఉంది. 2025 అక్టోబర్ 1 తర్వాత తయారైన పెద్ద లారీలకు అది తప్పనిసరి కాబట్టి వాటికి వచ్చింది, పాతవాటికి లేదు. ఏ బండి ఇస్తారంటే ఇప్పుడే చెప్పలేం అన్నారు. పెట్టె లోపలికి వెళ్లేటప్పుడు వేసుకునే జాకెట్టు, గ్లవ్స్ ఇస్తారు. తలుపు లోపలి నుంచి తెరుచుకునే పిడిని మా ఆయన స్వయంగా తిప్పి చూశారు.

పీఎఫ్ ఆన్‌లైన్‌లో చూశాను, కడుతున్నారు. గ్రూప్ పాలసీ 10 లక్షలు, కాగితం చూపించారు.

చిక్కంతా నష్టం రాతలో వచ్చింది. రూల్స్ కాగితం ఇచ్చారు. అందులో "డ్రైవర్ నిర్లక్ష్యం వల్ల సరుకు పాడైతే రికవరీ" అని ఉంది. నిర్లక్ష్యం అని ఎవరు తేలుస్తారు, ఎంతవరకు కోస్తారు అని అడిగాను. హెచ్ఆర్ అమ్మాయి కాసేపు ఆగి మేనేజర్‌ను పిలిచింది. లాగర్ రిపోర్టు చూసి ఆపరేషన్స్ వాళ్లు తేలుస్తారని ఆయన అన్నారు. ఆ రిపోర్టు మాకూ ఇవ్వాలని, మా జవాబు విన్నాకే తేల్చాలని, నెలకు ఇంతకు మించి కోయరని అంకె రాయాలని అడిగాను. మా ఆయన కాలితో నా కాలు తొక్కుతున్నారు, ఇంకా చేరకముందే గొడవ ఎందుకని. మొదటి రెండూ మెయిల్‌లో రాసి పంపుతామన్నారు, పంపారు కూడా. మూడోదానికి జవాబు రాలేదు. యూనిట్ చెడిపోతే సరుకు ఇన్సూరెన్స్ వర్తిస్తుందా అంటే "కనుక్కుని చెబుతాం" అన్నారు.

ఇప్పుడు నాకున్న ప్రశ్న ఇది. ఈ రెండింటికీ రాతలో జవాబు వచ్చేదాకా ఆగాలా, లేక చేరిపోయి తర్వాత అడగాలా? ఒకటో తేదీకి రమ్మంటున్నారు. గొళ్లబంధ పెద్దవారికి ఒక మాట: మీరు చెప్పింది నా మనసులోనూ ఉంది, కోపం ఎందుకు వస్తుంది. మా ఓనర్‌కు విషయం చెప్పేశాం, ఆయనే "వెళ్లు, పిల్ల చదువు చూసుకో" అన్నాడు.

సోంపేట డ్రైవర్:

ఆగండి చెల్లెమ్మా. చేరకముందు మీరు అడిగితే అది షరతు, చేరాక అడిగితే ఫిర్యాదు. రీఫర్ నడపగలిగే డ్రైవర్లు అంత తేలిగ్గా దొరకడం లేదు. ఒక వారం ఆగితే వాళ్లు ఇంకొకరిని పెట్టేసుకుంటారన్న భయం అక్కర్లేదు. కోతకు నెలవారీ హద్దు మాత్రం రాయించుకోండి. ఇన్సూరెన్స్ జవాబు "లేదు" అని వచ్చినా ఈ కంపెనీని నేను కాదనను, ఎందుకంటే లాగర్ కాపీ ఇస్తామని రాసి ఇచ్చారు. నాకు ఆ రోజు అదే ఉండి ఉంటే ఒక్క రూపాయి పోయేది కాదు.

బండి గురించి కూడా ఇప్పుడే మాట్లాడండి. పాత బండి ఇస్తే వేసవి లోపు ఏసీ బండికి మారుస్తారా అని. మే నెలలో మైనస్ 20 పెట్టెలోంచి చెమట చొక్కాతో బయటికొచ్చి కాలిపోయే క్యాబిన్‌లో కూర్చుంటే ఒళ్లు తట్టుకోదు. మొదటి ట్రిప్పులకు బావగారిని పాత డ్రైవర్‌తో డబుల్‌గా పంపమనండి, యూనిట్‌లో తేడా వస్తే కనిపించే అలారం కోడ్‌లు అలాగే వస్తాయి. బయల్దేరే ముందు నాకు ఇక్కడే మెసేజ్ పెట్టండి. కోల్‌కతా వైపు అన్‌లోడింగ్ క్యూలో బండి ఎక్కడ పెట్టుకోవాలో, ఎక్కడ పెట్టకూడదో రాసి పంపుతాను.

అంకులి ఇల్లాలు, బరంపురం:

సరే అన్నయ్యా. హద్దు గురించి, బండి గురించి ఇప్పుడే మెయిల్ పెట్టాను. జవాబు రాగానే ఇక్కడ రాస్తాను.